డిలీట్ కొట్టకు, ముందు స్క్రీన్‌షాట్ తియ్యి

జనగామలో నాదొక నెట్ సెంటర్. జిరాక్స్, ప్రింట్లు, స్కాలర్‌షిప్ అప్లికేషన్లు, హాల్ టికెట్లు, బస్ పాసులు. దగ్గర్లోనే కాలేజీలు ఉండడంతో పొద్దున, సాయంత్రం షాపు నిండా పిల్లలే. కొన్నేళ్ల నుంచి వీటితో పాటు ఇంకో రకం పని కూడా వస్తోంది. షాపులో జనం తగ్గేదాకా బయట నిలబడి, తర్వాత లోపలికొచ్చి, ఫోన్ అటూ ఇటూ తిప్పుతూ గొంతు తగ్గించి అడుగుతారు: "అక్కా, ఫేక్ ఐడీ మీద కంప్లైంట్ ఎట్ల పెట్టాలె?"

స్క్రీన్‌షాట్లు ఉన్నాయా అని అడుగుతాను. చాలామంది దగ్గర ఉండవు. "చూడబుద్ధి కాలే అక్కా, డిలీట్ చేసిన."

ఎందుకు చేస్తారో నాకు తెలుసు. అంత నీచమైన మాట కళ్ల ముందు నుంచి పోతే చాలనిపిస్తుంది. కానీ అది పోయింది నీ ఫోన్‌లోంచే. పెట్టినవాడి ఫోన్‌లో, గ్రూపులో ఉన్న క్లాసు మొత్తం ఫోన్లలో అలాగే ఉంటుంది. రేపు ప్రిన్సిపాల్ ముందో, ఎస్సై ముందో కూర్చున్నప్పుడు "ఏదీ, చూపించు" అంటే చూపించడానికి నీ దగ్గర మాత్రం ఏమీ ఉండదు. కాబట్టి నేను చెప్పబోయేదంతా ఒక వరస. ముందు ఆధారం, తర్వాత రిపోర్ట్, ఆ తర్వాత బ్లాక్. ఈ వరస తప్పితే పని రెండింతలు అవుతుంది.

నా దగ్గరికి వచ్చేవి ఎట్లాంటివో కూడా చెప్తాను. క్లాస్‌మేట్ ఫొటో తీసి, దాన్ని వాట్సాప్ స్టిక్కర్ చేసి, కింద "బర్రె" అని రాసి గ్రూపులో తిప్పడం. కాలేజీ పేరు మీద ఇన్‌స్టాగ్రామ్‌లో "కన్ఫెషన్స్" పేజీ పెట్టి, ఎవరు రాశారో తెలియకుండా అమ్మాయిల పేర్లు లాగడం. అబ్బాయి ఇంగ్లిష్ తడబడుతుంటే వీడియో తీసి రీల్ చేయడం. రంగు, లావు, నత్తి, కులం, ఊరు, అమ్మానాన్న చేసే పని, దేన్నీ వదలరు. ఎక్కడో ఉన్న ముక్కూమొహం తెలియనివాళ్లు చేసేవి నా దాకా తక్కువే వస్తాయి. వచ్చేవాటిలో ఎక్కువ అదే క్లాసు, అదే హాస్టల్, అదే వీధి.

మొదటి గంటలో

రిప్లై ఇవ్వకు. ఎంత మండినా సరే. వాళ్లకు కావలసింది నీ రిప్లైయే. ఒకబ్బాయి తనను వారం పాటు ఏడిపించినవాళ్లకు ఒక్కసారి, ఒకే ఒక్క బూతు మాట టైప్ చేశాడు. అవతలివాళ్లు వాళ్ల మెసేజ్‌లన్నీ డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొట్టేసి, ఇతని మాట ఒక్కటి స్క్రీన్‌షాట్ తీసుకుని లెక్చరర్ దగ్గరికి వెళ్లారు. తల్లిదండ్రుల్ని తీసుకురమ్మని చెప్పింది ఇతనికి. వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ని రెండు రోజుల తర్వాత కూడా అందరి ఫోన్లలోంచి తీసేయొచ్చు. అంటే ఆధారం తీసుకోవడానికి నీకున్న టైమ్ అంతే, ఒక్కోసారి రెండు నిమిషాలే.

"దమ్ముంటే ఎదురుగా వచ్చి చెప్పు" అని స్టేటస్ పెట్టడం కూడా రిప్లై కిందికే వస్తుంది. పేరు లేకుండా పెట్టే స్టేటస్ ఎవరి గురించో అవతలివాళ్లకు తెలియదనుకుంటున్నావా?

ఆధారం ఎట్లా తీయాలి

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదువు. ప్రింటుకు తెచ్చే స్క్రీన్‌షాట్లలో సగం పనికిరావు. మాట ఒక్కటే కనబడేలా క్రాప్ చేసి తెస్తారు. ఎవరన్నారు, ఎప్పుడన్నారు, ఎక్కడన్నారు అనేవి దాంట్లో ఉండవు. క్రాప్ చేయకు, ఎర్ర గీతలు గీయకు, ఎమోజీలతో కప్పకు. స్క్రీన్ మొత్తం అలాగే ఉండాలి. పైనున్న టైమ్ కూడా.

ఇన్‌స్టాగ్రామ్‌లో పైకి కనబడే పేరు వేరు, యూజర్‌నేమ్ వేరు. "స్వీటీ" అని పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. యూజర్‌నేమ్ మాత్రం ఒక్కో ఖాతాకు ఒక్కటే. ప్రొఫైల్ తెరిచి యూజర్‌నేమ్, ఫాలోవర్ల సంఖ్య, బయో అన్నీ కనబడేలా ఒక స్క్రీన్‌షాట్ తీయాలి. అదే పేజీలో పైన ఉండే మూడు చుక్కలు నొక్కితే ప్రొఫైల్ లింక్ కాపీ చేసుకునే వీలుంటుంది, కాపీ చేసి నోట్స్‌లో పెట్టుకో. అక్కడే "ఈ ఖాతా గురించి" అనే దాంట్లో ఆ ఖాతా ఏ నెలలో మొదలైందో కనబడుతుంది. కాలేజీలో గొడవైన వారంలోనే పుట్టిన ఖాతా అని తెలిస్తే అనుమానం ఎటు వెళ్లాలో పోలీసులకు అర్థమవుతుంది. యూజర్‌నేమ్ మార్చేసే అవకాశం కూడా ఉంది కాబట్టి చూసినప్పుడే తీసుకో. పోస్టుకు, రీల్‌కు విడిగా లింకులు ఉంటాయి, వాటినీ కాపీ చెయ్యి. స్టోరీ అయితే 24 గంటల్లో పోతుంది. "సాయంత్రం చూద్దాంలే" అనుకోకు.

వాట్సాప్‌లో ఇంకో చిక్కు. నువ్వు ఆ నంబర్‌ని "రవి సీఎస్ఈ" అని సేవ్ చేసుకుంటే స్క్రీన్‌షాట్‌లో కూడా అదే వస్తుంది. నంబర్ కనబడదు. కాబట్టి కాంటాక్ట్ ఇన్ఫో పేజీ తెరిచి నంబర్ కనబడేలా ఇంకొకటి తియ్యి. గ్రూపు అయితే గ్రూపు ఇన్ఫో, అడ్మిన్లు ఎవరు, సభ్యుల లిస్టు, అన్నీ కావాలి. చాట్ పొడుగ్గా ఉంటే "ఎక్స్‌పోర్ట్ చాట్" అని ఉంటుంది, మొత్తం ఒక ఫైలుగా వస్తుంది, దాన్ని నీ మెయిల్‌కే పంపుకో. గ్రూపులోంచి బయటికి రావాలనుకుంటే ఇవన్నీ అయ్యాకే రా.

ఒక్కసారే చూడగలిగేలా పంపిన ఫొటోని వాట్సాప్ స్క్రీన్‌షాట్ తీయనివ్వదు. స్నాప్‌చాట్‌లో స్క్రీన్‌షాట్ తీస్తే అవతలివాళ్లకు కబురు వెళ్తుంది. ఈ రెండింటికీ ఇంట్లో ఇంకో ఫోన్ తీసుకుని, నీ ఫోన్ స్క్రీన్‌ని ఫొటో కొట్టడమే మార్గం. కామెంట్లు వందల్లో ఉంటే స్క్రీన్ రికార్డింగ్ పెట్టి ప్రొఫైల్ దగ్గర మొదలుపెట్టి మెల్లగా కిందికి జరుపుతూ వెళ్లు.

దీంతో పాటు ఒక నోట్‌బుక్ పేజీ. తేదీ, టైమ్, ఎక్కడ, ఎవరు, ఏం జరిగింది, ఎవరు చూశారు. రోజుకు రెండు లైన్లు చాలు. నెల తర్వాత "మొదట ఎప్పుడు మొదలైంది?" అని అడిగితే ఎవరికైనా తడబాటే. ఆ పేజీ ఉంటే నువ్వు తడబడవు.

ఫోన్‌ని ఫార్మాట్ చేయకు, ఎక్స్ఛేంజ్ ఆఫర్‌లో ఇచ్చేయకు. కోర్టు దాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ ఆధారానికి ఒక సర్టిఫికెట్ కావాలి. దాని సంగతి పోలీసులు చూసుకుంటారు గానీ, అసలు ఫోన్ ఉంటేనే వాళ్ల పని తేలిక.

వీటన్నిటికీ ఒక మినహాయింపు ఉంది. బట్టల్లేని ఫొటో, మార్ఫింగ్‌దైనా సరే, అందులో ఉన్నది 18 ఏళ్ల లోపువాళ్లయితే దాన్ని సాక్ష్యం కోసమని ఫ్రెండ్స్‌కు, అన్నకు, లెక్చరర్‌కు ఎవ్వరికీ ఫార్వర్డ్ చేయకు. అట్లాంటివి దాచుకోవడం, పంచడం కూడా నేరమేనని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చాలా స్పష్టంగా చెప్పింది. ఖాతా పేరు, లింకు, నంబర్ రాసుకుని, వచ్చింది వచ్చినట్టే ఫోన్‌లో ఉంచి, పెద్దవాళ్లతో కలిసి అదే రోజు పోలీసుల దగ్గరికి వెళ్లాలి. అవి నా షాపులో నేనూ ప్రింటు తీయను.

రిపోర్ట్, ఆ తర్వాతే బ్లాక్

బ్లాక్ చేశాక ఆ ప్రొఫైల్, పోస్టులు నీకు మునుపటిలా కనబడకపోవచ్చు. ఆధారం ముందు అన్నది అందుకే. రిపోర్ట్ మాత్రం మొహమాటపడకుండా కొట్టు. ఎవరు రిపోర్ట్ చేశారో ఇన్‌స్టాగ్రామ్ అవతలివాళ్లకు చెప్పదు. వాట్సాప్‌లో రిపోర్ట్ చేస్తే ఆ నంబర్ నుంచి వచ్చిన చివరి ఐదు మెసేజ్‌లు కంపెనీకి వెళ్తాయి. అక్కడే చాట్‌ని డిలీట్ చేయాలా అని అడిగే టిక్ ఒకటి వస్తే తీసెయ్యి, గబగబా నొక్కితే ఆధారం పోతుంది.

నీ పేరు, నీ ఫొటోతో ఫేక్ ఐడీ పెడితే "నాలా నటిస్తున్నారు" అనే కారణం ఎంచుకుని రిపోర్ట్ చేయాలి. ఊరికే "స్పామ్" అని కొడితే ఎవరూ పట్టించుకోరు. ఫేక్ ఐడీలు, మార్ఫింగ్ ఫొటోలు, ప్రైవేటు ఫొటోల విషయంలో బాధితులు ఫిర్యాదు చేశాక రెండు గంటలు దాటి ఉంచకూడదని ఐటీ నిబంధనల్లోనే ఉంది, 2026 ఫిబ్రవరి దాకా ఆ గడువు 24 గంటలుండేది. ప్రతి కంపెనీ ఫిర్యాదులు చూడడానికి ఒక గ్రీవెన్స్ ఆఫీసర్‌ని పెట్టాలి. వాళ్లు పట్టించుకోకపోతే కేంద్రం 2023లో పెట్టిన అప్పీలు కమిటీకి 30 రోజుల్లోపు ఆన్‌లైన్‌లో రాయొచ్చు. ఈ దారి ఒకటుందని తెలిసినవాళ్లు చాలా తక్కువ.

బ్లాక్ చేస్తే గొడవ ఇంకా పెద్దదవుతుందనుకునే సందర్భాలుంటాయి. వాడు పక్క బెంచీలోనే కూర్చుంటాడు, "నన్నే బ్లాక్ చేస్తావా" అని రేపు మళ్లీ మొదలుపెడతాడు. అట్లాంటప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో "రెస్ట్రిక్ట్" వాడు. వాడి కామెంట్ వాడికి తప్ప ఎవరికీ కనబడదు. నువ్వు మెసేజ్ చూశావో లేదో వాడికి తెలియదు. గోడకు చెప్పుకున్నట్టు చెప్పుకుంటూ ఉంటాడు. కామెంట్లలో రాకూడని మాటల లిస్టు కూడా పెట్టుకోవచ్చు. అందులో తెలుగు బూతుల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రకరకాల స్పెల్లింగులతో రాసిపెట్టుకో, మనవాళ్లు తిట్టేది ఆ లిపిలోనే కదా.

వాట్సాప్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో గ్రూప్స్. నిన్ను గ్రూపుల్లో ఎవరు చేర్చొచ్చు అనే దగ్గర "అందరూ" అని ఉంటే "నా కాంటాక్ట్స్" అని మార్చు. డీపీ, స్టేటస్ కూడా అంతే. స్టిక్కర్లు చేసేవాళ్లకు ముడిసరుకు దొరికేది అక్కడే.

ఇంట్లో చెప్పడం

కంప్లైంట్ కన్నా కష్టమైనది ఇదే. షాపుకొచ్చేవాళ్లలో ఎక్కువమంది "ఇంట్ల తెల్వద్దు అక్కా" అనే షరతు మీదే మాట్లాడతారు. వాళ్ల భయం ఉత్తిది కాదు. ఫోన్ గుంజుకుంటారు. "నువ్వు ఏం చేయకుండానే వాళ్లట్లా ఎందుకు చేస్తరు?" అంటారు. ఆడపిల్లయితే కాలేజీ మాన్పిస్తారేమో, సంబంధాలు చూస్తారేమో. ఏడిపించేవాళ్లకు ఈ సంగతి నీకన్నా బాగా తెలుసు, "మీ నాయనకు పంపిస్తా" అనే బెదిరింపు అందుకే పనిచేస్తుంది. నాన్నకు నువ్వే ముందు చెప్పేస్తే వాడి చేతిలో ఇంకేం ఉండదు.

ఎవరికి చెప్పాలో ముందు ఆలోచించు. అమ్మానాన్నలే కానక్కర్లేదు. మొదట పిన్నికో, మేనమామకో, పెళ్లయిన అక్కకో చెప్పి, వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఇంట్లో చెప్పొచ్చు. మేనమామ మాట అమ్మ దగ్గర చెల్లినంతగా ఇంకెవరి మాటా చెల్లదు. టైమ్ కూడా చూసుకో. నాన్న పొలం నుంచో డ్యూటీ నుంచో వచ్చి చెప్పులు విప్పుతున్నప్పుడు చెప్పకు. అన్నం తిని కాస్త కుదుటపడ్డాక చెప్పు.

మొదటి మాట ఏమనాలో తెలియక ఆగిపోతారు. నేను వచ్చినవాళ్లకు చెప్పేది ఇది, కావాలంటే ఇట్లాగే వాడుకో: "నాన్నా, నాకు కాలేజీల ఒక ఇబ్బంది వచ్చింది. నా ఫొటో పెట్టి ఒకడు ఆన్‌లైన్‌ల ఏడిపిస్తున్నడు. మొత్తం స్క్రీన్‌షాట్లు తీసిపెట్టిన. ముందు పూర్తిగా వినుర్రి, తర్వాత తిట్టుర్రి. నేనొక్కదాన్నే చేసుకోలేను, మీరు తోడు రావాలె." ప్రింట్లు చేతిలో ఉంటే మాట సగం తగ్గుతుంది. పెద్దవాళ్లకు ఫోన్‌లో వేలితో జరిపి చూపించేకంటే కాగితం చేతిలో పెడితేనే నమ్మకం.

నీ వైపు నుంచి కూడా ఏదైనా ఉంటే, నువ్వే ఫొటో పంపావు, నువ్వే ముందు మాట్లాడావు, అది కూడా అప్పుడే చెప్పెయ్యి. వాడి నోటి నుంచి తర్వాత బయటపడితే ఇంట్లోవాళ్లు నీ వెనక నిలబడడం కష్టమవుతుంది. నువ్వు ఫొటో పంపినంత మాత్రాన దాన్ని ఊరంతా తిప్పే హక్కు వాడికి రాదు, చట్టం కూడా అదే అంటుంది.

అమ్మానాన్నలు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట. ఆ రోజు ఫోన్ గుంజుకోకండి. గుంజుకుంటే ఇంకోసారి వాళ్లకు ఏమైనా మీకు తెలియదు.

కాలేజీలో, స్టేషన్‌లో

మాటలు, మీమ్‌లు, గ్రూపులో ఎక్కిరింపు, ఇంతవరకే ఉంటే మొదట స్కూలు, కాలేజీ. నోటితో చెప్పకు, అర్జీ రాయి. తేదీ వేసి, స్క్రీన్‌షాట్ల ప్రింట్లు జతచేసి, రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు సంతకం తీసుకో. కాగితం ఇస్తే "చూద్దాంలే అమ్మా" అనడం కొంచెం కష్టం. డిగ్రీ, బీటెక్ వాళ్లను సీనియర్లు వాట్సాప్‌లో వేధిస్తుంటే అది ర్యాగింగ్ కిందికే వస్తుంది. యూజీసీ యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522 రాత్రీపగలూ పనిచేస్తుంది.

బెదిరింపు, వెంటపడడం, ఫేక్ ఐడీ, మార్ఫింగ్, డబ్బులడగడం, కులం పేరుతో దూషించడం, ఇవైతే కాలేజీ కోసం ఆగకు. కేంద్ర హోంశాఖ సైబర్ క్రైమ్ పోర్టల్ ఉంది, 2019 నుంచి నడుస్తోంది. చిరునామా సైబర్‌క్రైమ్ డాట్ జీవోవీ డాట్ ఇన్. గూగుల్‌లో వెతికితే అదే పేరుతో ఇంకేవో కూడా వస్తాయి, చివర జీవోవీ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకో, ఎక్కడైనా ఫీజు అడిగితే అది దొంగ సైటే. మహిళలు, పిల్లల మీద నేరాలకు విడిగా ఒక విభాగం ఉంటుంది. పేరు చెప్పకుండా కూడా పెట్టొచ్చు గానీ అట్లా పెడితే తర్వాత ఏమైందో చూసుకునే వీలుండదు. మొబైల్ నంబర్, ఓటీపీతో పెడితే ఒక అక్నాలెడ్జ్‌మెంట్ నంబర్ వస్తుంది, దాన్ని జాగ్రత్త చెయ్యి. వివరాలు రాసే డబ్బాలో చాలామంది "ఫేక్ ఐడీ, ప్లీజ్ యాక్షన్" అని రాసి వదిలేస్తారు. ఎప్పుడు మొదలైంది, ఏ ఖాతా, ఏమన్నారు, ఎవరి మీద అనుమానం, నీ నోట్‌బుక్ పేజీ చూసి అదే వరసలో రాయి. ఫైళ్ల సైజుకు పరిమితి ఉంటుంది కాబట్టి స్క్రీన్‌షాట్లన్నీ కలిపి ఒక పీడీఎఫ్ చేసుకుంటే సుఖం.

పోర్టల్‌లో పెట్టి కూర్చోకుండా స్టేషన్‌కు కూడా వెళ్లు. "ఇది మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్ఐఆర్ అని అడుగు. ఏ స్టేషన్‌లోనైనా రాసుకుని సంబంధిత స్టేషన్‌కు పంపాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెప్తుంది. లైంగిక వేధింపు, వెంటపడడం లాంటి వాటిలో ఆడవాళ్ల ఫిర్యాదును మహిళా అధికారే రాసుకోవాలి. పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం కింద కేసైతే పిల్లల వాంగ్మూలం ఇంటి దగ్గరో, వాళ్లు కోరుకున్నచోటో తీసుకోవాలి, అప్పుడు అధికారి యూనిఫాంలో ఉండకూడదు. పేరు, ఫొటో, స్కూలు పేరు పేపర్లో రాకూడదు. స్టేషన్ గడప అంటేనే వణికిపోయే అమ్మలకు ఈ మూడు సంగతులు చెప్తే కొంత ధైర్యం వస్తుంది. తెలంగాణలో ఆడవాళ్ల మీద వేధింపులు చూసే పోలీసు బృందాలు, షీ టీమ్స్ ఉన్నాయి, 2014లో హైదరాబాద్‌లో మొదలై ఇప్పుడు జిల్లాల్లో కూడా పనిచేస్తున్నాయి, మఫ్టీలోనే తిరుగుతారు. ఆంధ్రలో ఆడవాళ్ల రక్షణ కోసం 2025లో వచ్చిన శక్తి యాప్ ఉంది. ప్రాణం మీదికొచ్చే బెదిరింపైతే 112.

ఏ సెక్షన్లు పెడతారు? అది పోలీసుల పని, కానీ నీకు కొంచెం తెలిసుంటే మంచిది. నీ గుర్తింపు వాడుకుని నువ్వుగా నటిస్తే ఐటీ చట్టంలో 66సీ, 66డీ, మూడేళ్ల దాకా జైలు. ప్రైవేటు భాగాల ఫొటోలైతే 66ఈ. పిల్లలవైతే 67బీ, పోక్సో. అమ్మాయి వద్దన్నా మగవాడు ఆన్‌లైన్‌లో వెంటపడితే భారతీయ న్యాయ సంహిత 78, బెదిరిస్తే 351. కులం పేరుతో తిడితే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. "66ఏ కింద లోపలేయిస్తా" అని ఎవరైనా అంటే పట్టించుకోకు, దాన్ని సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. మా షాపులో ఇప్పటికీ ఆ సెక్షన్ రాసుకుని వచ్చేవాళ్లున్నారు.

"ఇదంతా చేసినా ఏమైతది అక్కా" అనేవాళ్లకు నేను 2024 జులై సంగతి గుర్తు చేస్తాను. ఒక తండ్రి, చిన్న పాప ఉన్న వీడియో మీద లైవ్‌లో నీచంగా జోకులేసిన తెలుగు యూట్యూబర్‌ని తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరోవాళ్లు బెంగళూరు వెళ్లి పట్టుకొచ్చారు, పోక్సో కింద. సినిమా హీరో సాయి ధరమ్ తేజ్ బయటికొచ్చి మాట్లాడాక అది అంత త్వరగా కదిలిందనేది నిజమే. మన కేసులు అంత వేగంగా కదలవు. పది రోజులకొకసారి అక్నాలెడ్జ్‌మెంట్ నంబర్ పట్టుకుని వెళ్లి అడుగుతూ ఉండాలి, నాన్న వెంట ఉంటే ఇంకా నయం.

ఏడిపించినవాడికి కూడా 18 నిండకపోతే? జైలుకు పంపరు, జువెనైల్ జస్టిస్ బోర్డు చూస్తుంది. చాలాసార్లు కౌన్సెలింగ్‌తోనే సరిపెడతారు. "వాడి లైఫ్ ఖరాబైతదేమో" అని జాలిపడి ఆగిపోయిన పిల్లల కోసం ఇది చెప్తున్నా.

ఫొటో పెట్టి డబ్బులడిగితే

వెయ్యకు. ఒక్కసారి వేస్తే నీ దగ్గర డబ్బుందని వాడికి తెలిసినట్టే, రేపు మళ్లీ అడుగుతాడు. ఇప్పటికే వేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఫొటో బయటికి రాకుండా ఆపడానికి రెండు ఉచిత సేవలున్నాయి. 18 లోపువాళ్లకు "టేక్ ఇట్ డౌన్", ఆపై వయసువాళ్లకు "స్టాప్ ఎన్‌సీఐఐ". ఇవి ఫొటోని తీసుకోవు. నీ ఫోన్‌లోనే దానికి ఒక కోడ్ తయారుచేసి ఆ కోడ్‌ని మాత్రమే పంపుతాయి. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటి, ఇందులో చేరిన సైట్లలో అదే ఫొటో ఎవరైనా పెడితే ఆ కోడ్‌తో గుర్తుపడతారు. వాట్సాప్‌లో చేతులు మారేదాన్ని మాత్రం ఇవి ఆపలేవు, దానికి పోలీసులే దిక్కు.

రాత్రిపూట

పగలు కాలేజీ, ట్యూషన్‌తో ఎట్లాగో గడుస్తుంది. రాత్రి పదకొండు దాటాక దుప్పటి కింద ఒక్కరే ఆ కామెంట్లు మళ్లీ మళ్లీ చదువుకోవడం, అక్కడే మనిషి కూలిపోతుంది. ఆధారం తీసేశాక నువ్వు చదవాల్సిన పని లేదు. నమ్మకమున్న ఒక ఫ్రెండ్‌కో, అక్కకో పాస్‌వర్డ్ ఇచ్చి "కొత్తవి ఏమైనా వస్తే నువ్వు స్క్రీన్‌షాట్ తీసి పెట్టు, నాకు చెప్పకు" అను. పని అయ్యాక పాస్‌వర్డ్ మార్చుకో. ఛార్జర్‌ని వంటింట్లో పెట్టి ఫోన్ రాత్రి అక్కడే వదిలెయ్యి.

నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం, కాలేజీ బస్సు చూస్తేనే కడుపులో తిప్పడం రోజుల తరబడి ఉంటే 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, ఏ టైమైనా ఎత్తుతారు. 18 లోపువాళ్లకు పిల్లల హెల్ప్‌లైన్ 1098 కూడా ఉంది. చచ్చిపోవాలని ఒక్కసారి అనిపించినా ఒంటరిగా గదిలో ఉండకు. లేచి ఇంట్లో ఎవరి పక్కనన్నా వెళ్లి కూర్చో, వాళ్లను నిద్రలేపైనా సరే, "నాకిట్లా అనిపిస్తోంది" అని అదే మాటగా చెప్పు. వాళ్లు నిద్రలేపినందుకు తిట్టరు.

గ్రూపులో ఉన్న మిగతావాళ్లకు

నవ్వే ఎమోజీ పెట్టకు. చాలామంది చేసేది ఆ ఒక్కటే, ఏడిపించినవాడు లెక్కబెట్టుకునేదీ అదే. గ్రూపులో గొడవకు దిగడానికి నీకు ధైర్యం లేకపోతే పర్వాలేదు. విడిగా ఒక మెసేజ్ పెట్టు: "చూసిన. స్క్రీన్‌షాట్లు తీసి పెట్టిన, కావాలంటే ఇస్తా. రేపు క్యాంటీన్‌కు కలిసే పోదాం." ఆ అమ్మాయి గ్రూపులోంచి బయటికొచ్చేసి ఉంటే తర్వాత అక్కడ ఏం నడుస్తోందో చూడగలిగేది నువ్వే, కాబట్టి నీ స్క్రీన్‌షాట్లకే విలువ ఎక్కువ. వాడి ఇంటికి పదిమందిని వేసుకుని పోవడం, వాడి మీద తిరిగి మీమ్‌లు చేయడం మాత్రం వద్దు, రేపు కౌంటర్ కేసుకు అదే దారి.

ఆ స్టిక్కర్ చేసింది నువ్వే అయితే, ఇక్కడిదాకా చదివావంటే కొంచెం గుబులు ఉన్నట్టే. ఈ రోజే అందరి ఫోన్లలోంచి పోయేలా తీసెయ్యి, సేవ్ చేసుకున్నవాళ్లను పేరుపేరునా అడిగి తీయించు. ఇప్పటికే కంప్లైంట్ అయి ఉంటే ఫోన్ ముట్టుకోకుండా మీ ఇంట్లో చెప్పి, వాళ్లతో కలిసి వెళ్లి ఒప్పుకో. సారీ మాత్రం విడిగా మెసేజ్‌లో చెప్పకు. స్టిక్కర్ ఏ గ్రూపులో వేశావో ఆ గ్రూపులోనే, నీ పేరుతో, అందరూ చూసేలా చెప్పు.